631 కాస్తా 214 అయితే

ఈ ఉత్తరం అమెరికాలో ఒక చిన్న నగరం నుంచి వచ్చింది. పేరు, ఊరు, రాష్ట్రం నేనే తీసేశాను. ఆవిడ ఆరు పేజీలు రాశారు. కుదించి చెబుతాను.

వయసు 36. హైదరాబాద్‌లో ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశారు. పెళ్లయ్యాక హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికిచ్చేది) మీద వచ్చి నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నారు. పని చేసుకోవడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చాక మొన్న జూన్‌లో ఒక నాన్‌ప్రాఫిట్‌లో చేరారు. లైంగిక దాడికి గురైనవాళ్లకు తోడుండే సంస్థ అది. పదకొండు మంది ఉద్యోగులు, ఇరవై నాలుగు గంటల హాట్‌లైన్. ఈవిడ పని డేటా, గ్రాంట్ రిపోర్టులు. సంస్థ ఎక్కువగా వోకా డబ్బు మీద నడుస్తోంది. వోకా అంటే 1984 నాటి నేర బాధితుల చట్టం. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకిస్తుంది, రాష్ట్ర ఏజెన్సీ ఇలాంటి సంస్థలకు పంచుతుంది. ఎంతమందికి ఏం సాయం చేశారో మూడు నెలలకోసారి ఆన్‌లైన్‌లో లెక్క చెప్పాలి.

ముందు ఆ సీట్లో ఉన్నాయన మూడేళ్లుగా ప్రతి క్వార్టర్‌కూ 600 పైచిలుకు మందికి సాయం చేసినట్టు రాశారు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా లెక్క ఈవిడ మొదటిసారి తీశారు. డేటాబేస్‌లో 631 ఎంట్రీలు. అందులో పేరు చెప్పని హాట్‌లైన్ కాల్స్ 148. మిగిలిన 483 ఎంట్రీలలో ఒకే మనిషి మళ్లీ మళ్లీ కనిపిస్తున్నారు. డూప్లికేట్లు తీసేస్తే తేలింది 214 మంది. పాతాయన ఎంట్రీలనే మనుషులుగా లెక్కపెట్టేశారన్నమాట.

డైరెక్టర్‌కు చూపిస్తే ఆవిడ ముఖం పాలిపోయిందట. "ఈ అంకె పంపితే వచ్చే ఏడు గ్రాంట్ ఉండదు. నలుగురు అడ్వకేట్లను తీసెయ్యాలి. రాత్రి రెండింటికి హాస్పిటల్ నుంచి ఫోనొస్తే వెళ్లే దిక్కుండదు. పోయినసారి ఎలా లెక్కపెట్టారో అలాగే పెట్టు" అన్నారట. (మనవాళ్లు చదువుతున్నారు కాబట్టి చెబుతున్నా, ఇక్కడ అడ్వకేట్ అంటే నల్లకోటు లాయరు కాదు, బాధితురాలి పక్కన నిలబడే మనిషి.) గడువు ఇంకో పది రోజులు. "నేను నిజం రాస్తే ఆ ఆడవాళ్లకు నష్టం, అబద్ధం రాస్తే నాకు నష్టం. ఉద్యోగం పోతే ఇండియా వెళ్లిపోవాలా అక్కా?" అని అడిగారు.

దీనికి తోడు ఇంకో మూడు చిక్కులు. టైమ్‌షీట్‌లో గంటలన్నీ వోకా మీదే వెయ్యమంటున్నారు, కానీ వారంలో ఒకరోజు విరాళాల డిన్నర్ పనే చేస్తున్నారు. రాష్ట్ర ఏజెన్సీలో కొత్తగా వచ్చిన ప్రోగ్రామ్ ఆఫీసర్ లెక్కలు సరిచూస్తానంటూ క్లయింట్ల పేర్లతో ఎక్సెల్ షీటు పంపమన్నారు. ఇక మూడోది ఉత్తరం చివర్లో, కొంచెం తడబడుతూ రాశారు. సంస్థ న్యూస్‌లెటర్‌లో ఈ క్వార్టర్ సాయం పొందినవాళ్లను జాతివారీగా చార్టు వేస్తున్నారు. అందులో "ఆసియన్: 1" అని ఉంది. "ఆ 1 ఎవరో నాకు తెలుసు. గుడిలో ప్రతి శనివారం కనిపిస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, ముందు మీ భయం సంగతి. హెచ్-4 ఈఏడీ ఫలానా యజమానితో ముడిపడిన కార్డు కాదు. ఈ ఉద్యోగం పోతే జీతం పోతుంది, మీ వీసా స్టేటస్ పోదు. అది మీ వారి హెచ్-1బి మీద నిలబడి ఉంది. ఇండియా వెళ్లిపోవాలన్న మాట పక్కన పెట్టి మిగతాది చదవండి.

మీ డైరెక్టర్‌ను నేను తప్పుపట్టలేను, ఆవిడ చెప్పిన దారిని మాత్రం ఒప్పుకోను. ఆవిడ భయం ఉత్తది కాదు. వోకా సొమ్ము మనం కట్టే ఆదాయపు పన్నులోంచి రాదు. ఫెడరల్ కోర్టుల్లో నేరం రుజువైన కంపెనీలు, మనుషులు కట్టే జరిమానాలు ఒక నిధిలో పడతాయి. ఏటా అందులోంచి ఎంత తియ్యాలో కాంగ్రెస్ పరిమితి పెడుతుంది. 2018 ఆర్థిక సంవత్సరంలో ఆ పరిమితి 443 కోట్ల డాలర్లు. 2023లో 190 కోట్లు. 2024కు వచ్చేసరికి 135 కోట్లు. పెద్ద కంపెనీలు కేసు నడవకుండా ఒప్పందాలు చేసుకుని కట్టే సొమ్ము చాలా ఏళ్లపాటు ఈ నిధికి రాకుండా మామూలు ఖజానాకు పోయింది. 2021లో చట్టం సవరించి దాన్ని ఇటు మళ్లించారు గానీ, ఎండిన చెరువు ఒక్క వానకు నిండదు కదా. ఇన్నేళ్లుగా కోతలు చూసిన మనిషికి 631 పక్కన 214 కనిపిస్తే గుండె జారుతుంది.

కానీ చూడండి, ఆ నిధి కరిగింది జరిమానాలు తగ్గడం వల్ల. మీరు 214 రాశారని కరగలేదు, 631 రాస్తే నిండదు.

ఇప్పుడు అసలు విషయం. మీరిద్దరూ 631 అంటే ఎక్కువ పని, 214 అంటే తక్కువ పని అనుకుంటున్నారు. నాకు మీ ఉత్తరం చదివితే తిరగబడి కనిపించింది. పాతాయన మనుషుల్ని ఎక్కువ చూపించి, పనిని దాచేశారు.

ఒక రాత్రి ఎలా గడుస్తుందో తీసుకుందాం. పేరు చెప్పకుండా ఒకామె హాట్‌లైన్‌కు ఫోన్ చేస్తుంది. అది పేరులేని కాల్, ఫారంలో దానికి వేరే గడి ఉంది, మనుషుల లెక్కలో కలపకూడదు. రెండు గంటల తర్వాత హాస్పిటల్ నుంచి నర్సు ఫోన్ చేస్తే మీ అడ్వకేట్ బయలుదేరుతుంది. (మనవాళ్లు చదువుతున్నారు కాబట్టి చెబుతున్నా, ఇక్కడ అడ్వకేట్ అంటే నల్లకోటు లాయరు కాదు, బాధితురాలి పక్కన నిలబడే మనిషి.) అక్కడ ఆమెను స్థిమితపరుస్తుంది. ఫోరెన్సిక్ పరీక్ష జరిగినంతసేపూ పక్కనే ఉంటుంది. పోలీసు కేసు పెట్టకపోయినా ఆ పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదని చెబుతుంది. ఇంగ్లిష్ రాకపోతే ఫోన్లో దుబాసీని పట్టుకుంటుంది. బట్టలు సాక్ష్యంగా తీసుకుంటారు కాబట్టి సంచిలోంచి కొత్త స్వెట్‌ప్యాంటు, టీషర్టు తీసిస్తుంది. తెల్లవారుజామున కారులో ఇంటి దగ్గర దింపుతుంది. బాధితులకు రాష్ట్రం ఇచ్చే నష్టపరిహారానికి దరఖాస్తు ఎలా పెట్టాలో కాగితం చేతిలో పెడుతుంది. మర్నాడు ఆఫీసుకొచ్చి డేటాబేస్‌లో ఏం రాస్తుంది? "హాస్పిటల్, 5 గంటలు." ఒకే ఒక్క ఎంట్రీ.

వోకా ఫారం మనుషుల్ని ఒకచోట అడుగుతుంది, సేవల్ని ఇంకోచోట అడుగుతుంది. ఆ క్వార్టర్‌లో సాయం పొందినవాళ్లెందరు, అందులో మీ దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లెందరు అన్నది మనుషుల లెక్క. ఒక మనిషి ముప్పైసార్లు వచ్చినా ఒకటే. ఆ తర్వాత ఒక్కో రకం సేవ ఎంతమందికి అందింది, ఎన్నిసార్లు అందింది అని విడివిడిగా అడుగుతుంది. పరీక్షకు తోడుండటం, ప్రయాణం, దుబాసీ, సంక్షోభంలో ఓదార్పు, కౌన్సెలింగ్, కోర్టుకు తోడు వెళ్లడం, అన్నిటికీ తలా ఒక గడి. పైన చెప్పిన రాత్రిలో మనిషి ఒక్కరే, సేవలు అయిదో ఆరో. మీ డేటాబేస్‌లో మాత్రం అది ఒక్కటిగానే ఉండిపోయింది. 483 ఎంట్రీల వెనక ఎన్ని సేవలున్నాయో మీకు గానీ, డైరెక్టర్‌కు గానీ ఈ రోజుకీ తెలియదు.

డైరెక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సింది ఈ మాట. మొదటిసారి మీరు, తప్పు పట్టుకుంటే చాలు మన పనైపోయిందన్నట్టు వెళ్లారు. టెస్టింగ్‌లో అది చెల్లుతుంది, బగ్ రాసేసి డెవలపర్ మీదికి నెట్టెయ్యొచ్చు. ఇక్కడ డెవలపర్ కూడా మీరే. వెళ్లే ముందు హాస్పిటల్ ఎంట్రీలు ఒక పాతిక తీసి, వాటిమీద పనిచేసిన అడ్వకేట్లతో కూర్చుని, ఆ రాత్రి ఏమేం చేశారో వాళ్లు రాసిపెట్టుకున్న రికార్డు ప్రకారం విడదీయండి. రికార్డులో లేనిది, "చేసే ఉంటాం" అనిపించినంత మాత్రాన కలపొద్దు. అంచనాతో నింపితే అది పాతాయన లెక్కకు తమ్ముడవుతుంది. దొరికినంతతో ఒక్క పేజీ చేసి, పైన 214 మంది అని, కింద వాళ్లకు జరిగిన పని అంతా అని చూపించండి. అక్టోబర్ నుంచి ఎంట్రీ ఫారంలో సేవలకు టిక్ గళ్లు పెడతానని చెప్పండి. పనికి తగిన అంకె ఎక్కడుందో కనిపిస్తే డైరెక్టర్‌కు ఊపిరాడుతుంది.

ఇక పాత రిపోర్టులు. నిన్నటిదాకా అది పొరపాటు. లెక్కపెట్టినాయన ఫారం సరిగ్గా చదవలేదు, పైవాళ్లు చూడలేదు. మీరు డూప్లికేట్లు తీసి డైరెక్టర్‌కు చూపించిన రోజు నుంచి మాత్రం మీ ఇద్దరికీ తెలుసు. ఫెడరల్ ప్రభుత్వానికి తెలిసి తెలిసి తప్పుడు వివరం ఇస్తే అయిదేళ్ల వరకు జైలు వేసే సెక్షన్ ఒకటుంది. గ్రాంట్ లెక్కల్లో ప్రతి పొరపాటుకూ ఎవరూ జైలుకు పోరు, మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. కానీ మీరింకా పౌరురాలు కాదు, గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తోంది. ఇలాంటి కేసు మీద పడితే మీ డైరెక్టర్‌కు అయ్యేదానికన్నా మీకు ఎక్కువ నష్టమవుతుంది. మీ లాగిన్‌తో, మీ చేత్తో 631 నొక్కడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. మిగతా దారుల్లో ఏది మీకు కుదురుతుందో మీరే చూసుకోండి.

నాకు అన్నిటికన్నా తేలికగా కనిపించేది, డైరెక్టర్, మీరు కలిసి రాష్ట్ర ఏజెన్సీకి ఫోన్ చెయ్యడం. "కొత్త మనిషి వచ్చి లెక్క సరిచూసింది. ఇంతకుముందు ఎంట్రీల్ని మనుషులుగా రాశాం. ఈ క్వార్టర్ సరైన లెక్క పంపుతున్నాం, పాతవి ఎంతవరకు సరిదిద్దమంటారు?" అని అడగడం. ఏజెన్సీలు ఇలాంటి ఫోన్లు చాలానే చూసుంటాయి. కొందరు ఈ ఏడాది క్వార్టర్లు మాత్రం తెరిచి దిద్దమంటారు, కొందరు వెనక్కి ఇంకా వెళ్లమంటారు, కొందరు వివరణ రాసి ఫైలులో పెట్టమంటారు. నష్టం లేదనను. వచ్చే తనిఖీలో మీ ఫైలు ముందు తీస్తారు, పోటీలో దరఖాస్తు పెట్టేటప్పుడు ఒక ఏడాది కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు. కానీ రాష్ట్ర ఏజెన్సీ మామూలుగా ప్రతి సంస్థనూ రెండేళ్లకోసారైనా వచ్చి చూడాలని వోకా నిబంధనల్లోనే ఉంది. ఎలాగూ వచ్చేవాళ్లు వచ్చి పట్టుకున్నాక చెప్పుకోవడం వేరు, మనమే ఫోన్ చేసి చెప్పడం వేరు.

నా సంగతి ఒకటి చెబుతాను. మొదటి ఉద్యోగంలో వాలంటీర్ల గంటల్ని మ్యాచింగ్ వాటా (గ్రాంట్‌కు సంస్థ తన వంతుగా చూపాల్సింది) కింద రెండుచోట్ల కలిపేశాను. పంపిన మూడు వారాలకు నాకే తట్టింది. నాలుగు రాత్రులు నిద్రపోకుండా, ఇక నా పని అయిపోయిందనుకుని, అయిదో రోజు ఫోన్ చేశాను. అవతలావిడ, "సరే, ఫారం తెరుస్తాను, శుక్రవారంలోగా దిద్దెయ్యి" అని పెట్టేసింది. అంతే. ఆ నాలుగు రాత్రులూ దండగ.

డైరెక్టర్ ఫోన్ చెయ్యడానికి ఒప్పుకోకపోతే, కనీసం ఈ క్వార్టర్ 214 పంపి, వివరణ రాసే పెట్టెలో "లెక్కించే పద్ధతి మారింది, ఇకపై ఒక మనిషిని క్వార్టర్‌కు ఒకేసారి లెక్కిస్తున్నాం" అని రెండు వాక్యాలు రాయడం మధ్యే మార్గం. ఇందులో మీరు అబద్ధం ఆడినట్టు కాదు. కానీ ఏజెన్సీ వాళ్లు "అయితే ముందువి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు రెడీగా పెట్టుకోకుండా ఈ దారిలోకి వెళ్లొద్దు. గడువు చాలకపోతే వారం పొడిగింపు అడగండి. ఇవ్వకపోవచ్చు, అడగడంలో తప్పులేదు.

ఆవిడ 631 పంపాల్సిందేనని పట్టుబడితే, "నా లెక్క ఇది, ఇలా తీశాను. వేరే అంకె పంపదలిస్తే మీరు పంపండి, నేను పంపలేను" అని ఈమెయిల్‌లో మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి. దీనివల్ల మీ చెయ్యి శుభ్రంగా ఉంటుంది, ఆఫీసులో వాతావరణం మాత్రం చెడుతుంది. ఆ తర్వాత మెట్టు బోర్డులో ట్రెజరర్. డైరెక్టర్‌కు ముందే చెప్పి వెళ్తే అది ఆవిడకు ఇంకో అవకాశం ఇచ్చినట్టు ఉంటుంది. చెప్పకుండా వెళ్తే యుద్ధమే. చివరి మెట్టు ఫెడరల్ న్యాయశాఖలో అక్రమాల మీద విచారణ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు. ఫెడరల్ గ్రాంట్ మీద నడిచే సంస్థల్లో, మీలా రాష్ట్రం ద్వారా ఆ డబ్బు తీసుకున్న సంస్థల్లో కూడా, చట్టం తప్పుతోందని అక్కడ గానీ, సంస్థలో విచారించే బాధ్యత ఉన్న పైవాళ్లకు గానీ చెప్పిన ఉద్యోగి మీద కక్ష తీర్చుకోవడాన్ని చట్టం నిషేధిస్తుంది. తీర్చుకుంటే మూడేళ్లలోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. చట్టం ఉందంటే రేపు పొద్దున్న ఉద్యోగం తీసెయ్యరని కాదు, తీసేస్తే పోరాడటానికి కాలు మోపే చోటుందని. అంతదాకా వెళ్లే ముందు ఉద్యోగ చట్టాలు తెలిసిన లాయరుతో ఒక గంట మాట్లాడండి. మీ ఉత్తరంలో కనిపించిన డైరెక్టర్ దొంగ కాదు, భయపడ్డ మనిషి. అంతదూరం రాదనే నా అంచనా.

ఒక్క హెచ్చరిక. ఏ మెట్టు మీదున్నా సరే, రుజువు కోసమని క్లయింట్ల వివరాలున్న ఫైలు మీ సొంత ఈమెయిల్‌కు పంపుకోకండి, ఇంటికి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకండి. ఏ రోజు ఏం మాట్లాడారో తేదీ వేసి, పేర్లు లేకుండా, ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. అది చాలు.

టైమ్‌షీట్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. విరాళాల సేకరణకు వోకా డబ్బు వాడకూడదు. టైమ్‌షీట్‌లో బడ్జెట్‌లో అనుకున్న గంటలు కాదు, నిజంగా చేసిన పని రాయాలని ఫెడరల్ గ్రాంట్ నిబంధనలు చెబుతాయి. డిన్నర్ పనికి పట్టిన రోజు సంస్థ సొంత డబ్బు మీద వెయ్యమని అడగండి. సంతకం మీది కాబట్టి ఈ విషయంలో సర్దుకుపోవడానికి తావు లేదు.

ప్రోగ్రామ్ ఆఫీసర్ అడిగిన పేర్ల జాబితా పంపొద్దు. ఇక్కడ నిబంధన చాలా సూటిగా ఉంది. 2016లో వచ్చిన వోకా నిబంధనల ప్రకారం బాధితుల్ని గుర్తుపట్టగల వివరాలు వాళ్ల రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. ఆ సమ్మతి కూడా విషయం తెలిసి ఇచ్చింది, కాలపరిమితి ఉన్నది అయ్యుండాలి. రిపోర్టుల కోసం, మూల్యాంకనం కోసం, డేటా సేకరణ కోసమని అసలే ఇవ్వకూడదు. సంతకం పెడితేనే సాయం చేస్తామని అనడానికీ వీల్లేదు. మహిళలపై హింస నిరోధక చట్టం కింద వచ్చే గ్రాంట్లకూ ఇలాంటి కట్టుబాటే ఉంది. కొత్తగా వచ్చినావిడకు ఇది తెలియకపోయుండొచ్చు, గద్దించినట్టు రాయకండి. "పేర్లు పంపడానికి మాకు వీల్లేదండీ. మొత్తం అంకెలు, లెక్కించిన పద్ధతి, కోడ్ నంబర్లతో పేర్లు కొట్టేసిన నమూనా చూపించగలం. ఏది కావాలి?" అని రాయండి. కోడ్ నంబరు పుట్టినతేదీతోనో, ఇంటిపేరులో మొదటి అక్షరాలతోనో తయారైనదైతే ముందు అది మార్చండి.

మీరు అడగకపోయినా ఒకటి గమనించాను. మూడు నెలల కేస్ నోట్స్ మొత్తం చదివానన్నారు. ఎందుకు చదివారు? రిపోర్టుకు తేదీలు, సేవలు, నేరం రకం, వయసు వరస ఉంటే సరిపోతుంది. ఆ రాత్రి ఏం జరిగిందో ఫారం ఎక్కడా అడగదు. మీకు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం 631 కాదు, ఆ నోట్సే అనుకుంటున్నా. మీ లాగిన్‌కు నోట్స్ కనిపించకుండా చెయ్యమని అడగండి. క్లయింట్లకు మంచిది, మీకూ మంచిది.

ఇక ఆ "ఆసియన్: 1". ప్రభుత్వానికి వెళ్లే ఫారంలో ఆ 1 ఉండొచ్చు, ఆమె తనకు తానుగా చెప్పి ఉంటే. అడ్వకేట్ ముఖం చూసో, పేరు చూసో ఊహించి రాసి ఉంటే తప్పు. చెప్పనివాళ్ల కోసం "చెప్పలేదు" అనే గడి ఉంది, దాన్ని వాడటంలో నామోషీ ఏమీ లేదు. న్యూస్‌లెటర్ సంగతి వేరు. అది ఊరంతా చదువుతుంది. మన తెలుగువాళ్లు ఉగాదికి, దసరాకు కలిసే ఊళ్లో, ఒకరింట్లో పాలు పొంగితే ఇంకొకరింట్లో తెలిసే ఊళ్లో, ఆ 1 ఒక అంకెలా ఉండదు. ఎవరో ఒకరు సరదాగా, "ఎవరబ్బా" అంటారు. ఇంకొకరు "ఆ మధ్య ఆ అమ్మాయి కాలేజీ మానేసింది కదా" అంటారు. చార్టులో చిన్న అంకెలున్న వరుసలన్నీ "ఇతరులు" కింద కలిపెయ్యమనండి, లేదా ఆ చార్టే తీసేసి సేవల చార్టు వెయ్యమనండి. బోర్డుకిచ్చే కాగితాల్లోనూ అంతే. ఎందుకని అడిగితే "సంఖ్య చిన్నది, గుర్తుపట్టే ప్రమాదం ఉంది" అనండి. ఆమె మీకు తెలుసన్న మాట ఆ మీటింగులో రాకూడదు.

డైరెక్టర్‌కు ఒక్కరికే, తలుపు వేసి, "ఒక క్లయింట్ మా కమ్యూనిటీ మనిషి. ఆ ఫైలు నాకు కనిపించకుండా చెయ్యండి, ఆ లెక్క ఇంకొకరు కలపాలి" అని చెప్పండి. ఫలానా ఫైలు అని కోడ్ నంబరుతో చెబితే చాలు. అడ్వకేట్ ఆమెతో, "మా ఆఫీసులో ఒక తెలుగావిడ పనిచేస్తారు, మీ ఫైలు ఆవిడకు కనబడదు" అని చెప్పాలా వద్దా అన్నది అడ్వకేట్ నిర్ణయించుకోవాలి. చెబితే ఆమె ఉలిక్కిపడి రావడం మానెయ్యొచ్చు. చెప్పకపోతే ఒకరోజు వరండాలో మీరిద్దరూ ఎదురుపడొచ్చు. నేనైతే చెప్పమంటాను. కానీ ఆమెను నేను చూడలేదు, ఆ అడ్వకేట్ చూసింది.

శనివారం గుడిలో ఆమె కనిపిస్తే, ఇన్నాళ్లూ ఎలా పలకరించారో అలాగే పలకరించండి. జాలిగా ఒక క్షణం ఎక్కువ చూడొద్దు, చెయ్యి పట్టుకోవద్దు. పులిహోర వడ్డిస్తుంటే ఇంకొంచెం వెయ్యమనండి. ఇంటికెళ్తూ కారులో మీ వారు "ఏంటి, అదోలా ఉన్నావు?" అని అడిగితే, "ఆఫీసులో రిపోర్టు టెన్షన్" అనండి. అదీ నిజమే కదా.